ఫస్ట్ ఫ్లోర్ ముందు గది

రిటైరవడానికి ఆరేళ్ల ముందు, మార్చి నెల మొదటి సోమవారం, పదహారో గ్యాలరీలోని లండన్ గదికి కండిషన్ రిపోర్టు, అంటే అది ఏమిటో, ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదిక, రాసే పని నాకు అప్పగించారు. అప్పట్లో నేను అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, నది ఒడ్డునున్న ఒక నగరపు మ్యూజియంలో అసోసియేట్ కన్సర్వేటర్‌ని. మా వృత్తిలో అసిస్టెంట్, అసోసియేట్, సీనియర్ అని మెట్లుంటాయి. అసోసియేట్‌కి రిపోర్టు మీద సొంతంగా సంతకం పెట్టే హక్కు వస్తుంది. ఆ సంతకానికి జవాబు చెప్పుకోవలసిందీ ఆ మనిషే.

ఇప్పుడు నేనుంటున్న అల్ఫారెట్టా ఊళ్లో మనవాళ్లలో చాలామందిది సాఫ్ట్‌వేర్. శనివారం తెలుగు ప్రార్థన కూడిక అయ్యాక, కాఫీ కప్పులు పట్టుకొని పిల్లలు నన్ను అడుగుతుంటారు, "ఆంటీ, మీరు ఏ కంపెనీలో చేసి రిటైరయ్యారు?" అని. "పాత చెక్కల కంపెనీలో" అంటాను. నవ్వుతారు. నిజానికి అది సగం జవాబే. పాతదాన్ని కొత్తగా మార్చడం కన్సర్వేటర్ పని కాదు. ఉన్నది ఉన్నట్టు ఇంకొంతకాలం నిలబడేలా చూడటం, అది ఏమిటో, ఎక్కడిదో నిజం రాసిపెట్టడం. నాకు ఈ రెండో భాగం ఎంత కష్టమో నేర్పింది ఆ లండన్ గదే.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. కిందటి శతాబ్దం తొలి భాగంలో లండన్‌లో పాత ఇళ్లు విరివిగా కూలగొట్టారు. కూలగొట్టేముందు కొందరు వ్యాపారులు లోపలి గదులను పలక పలకగా విప్పి, పెట్టెల్లో పెట్టి, ఓడల మీద అమెరికాకి పంపేవారు. మ్యూజియంలు వాటిని కొని, తమ గోడల మధ్య మళ్లీ నిలబెట్టేవి. వీటిని పీరియడ్ రూమ్‌లంటారు. మాది అలాంటిదే. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో కట్టిన ఒక వరస ఇంటి ముందు గది. ఇల్లు పోయింది, వీధి పోయింది, గది మిగిలింది.

పదహారో గ్యాలరీ గుమ్మం దాటగానే చప్పుడు ఆగిపోయేది. నాలుగు గోడలకీ నేల నుంచి పైకప్పు అంచు కార్నిస్ దాకా పైన్ చెక్క పలకలు. ఒక పక్క తెల్లరాతి ఫైర్‌ప్లేస్. ముందు వైపు మూడు ఎత్తైన కిటికీలు. వాటి అవతల ఆకాశం లేదు. గాజు వెనక ఒక రంగుల తెర, దాని వెనక దీపాలు. తెర మీద ఇనుప కటకటాలు, ఒక బండి చక్రం, వీధి రాళ్లు. ఆ దీపాల వెలుగుకి పొద్దూ వేళా తెలియవు. శీతాకాలంలోనైనా, ఎండాకాలంలోనైనా ఆ గదిలో ఒకటే లేత మధ్యాహ్నం. స్టూలు వేసుకొని కూర్చుంటే, కాసేపటికి గది మెల్లగా నీళ్ల మీద తేలుతున్నట్టుండేది. ఓడ ప్రయాణం ఇంకా పూర్తి కానట్టు.

పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకొని ఒక మాట ప్రార్థన చేసుకోవడం నాకు అలవాటు. ఇది మా అమ్మ దగ్గర నుంచి వచ్చింది. మా నాన్న కాలువల డిపార్టుమెంటులో ఓవర్‌సీరు. ఏడాదికో లాకు దగ్గర క్వార్టరు కాబట్టి బడి కుదరలేదు. పదో తరగతి దాకా అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. పలక తీయగానే స్తోత్రం, పలక పెట్టేయగానే స్తోత్రం. ఇంగ్లీషు నాన్న డిక్టేషన్ చెప్పేవారు. ఆయన దగ్గరున్న కట్టుబడి మాన్యువల్‌లోంచి: గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్, స్టెయిర్‌కేస్, పారపెట్. మేడ అంటే ఏమిటో దగ్గర నుంచి చూడకముందే నాకు మేడ ప్లాను గీయడం వచ్చు. పెళ్లయి అమెరికా వచ్చాక, ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాయింగులు గీస్తూ, సాయంత్రపు కాలేజీలో కన్సర్వేషన్ కోర్సు చేశాను. ఇంటి చదువుకి నేనెంత రుణపడ్డానో, అది నేర్పిన ఒక మాటను మరిచిపోయి ఎంత నష్టం తేబోయానో, రెండూ ఈ గది దగ్గరే తెలిశాయి.

రిపోర్టు ఎందుకడిగారంటే, ఆ గ్యాలరీ వేరే పనికి కావలసి వచ్చింది. మ్యూజియం తన జాబితాలోంచి ఒక వస్తువును శాశ్వతంగా తీసేయడాన్ని డీయాక్సెషన్ అంటారు. దానికి ఒక వరస ఉంది. ఆ విభాగపు వస్తువులు చూసుకొనే క్యూరేటర్ సిఫారసు, కన్సర్వేటర్ రిపోర్టు, డైరెక్టర్ సంతకం, చివర ట్రస్టీల కమిటీ ఓటు. ఓటు పడితే పలకలు విప్పి వేలానికి పంపుతారు. అక్కడ గది గదిగా ఉండదు. ఒకరు ఫైర్‌ప్లేస్ తీసుకుంటారు, ఒకరు తలుపులు, మిగతాది రెస్టారెంట్ల గోడలకి పోతుంది. అయితే గది అసలుదని తేలితే మా నియమాల ప్రకారం కదిలించడానికి వీల్లేదు. వ్యాపారి అక్కడొకటి ఇక్కడొకటి అతికించి తయారుచేసిందని తేలితేనే పంపొచ్చు. అంటే అంతా నా రిపోర్టు దగ్గరే ఆగింది. కమిటీ సమావేశం ఆ నెల చివరి శుక్రవారం.

గది ఎక్కడిదో చెప్పే కాగితం ఒక్కటే ఉంది. వ్యాపారి ఉత్తరం, ఒక పేజీ. అందులో ఇంటి నంబరు, వీధి పేరు, దాని కింద 'ఫస్ట్ ఫ్లోర్ ముందు గది, మూడు కిటికీలు' అని. ఎప్పుడో ఎవరో దాన్ని చదివి, గోడకి 'వీధి గది' అని లేబుల్ పెట్టారు. కటకటాల తెర కూడా అప్పటిదే. యూరప్ విభాగానికి రెండేళ్లుగా క్యూరేటర్ లేరు. ఆ బాధ్యత కూడా మోస్తున్న హెలెన్ గారు అమెరికన్ కుర్చీలు, బల్లలు బాగా తెలిసిన మనిషి. లేబుల్ని అనుమానించవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ ఇల్లు కూలగొట్టకముందు కొలిచి గీసిన ప్లానులు లండన్‌లో పాత పత్రాలు భద్రపరిచే ఒక ఆర్కైవ్‌లో ఉన్నాయని తెలిసి, షీటు కోసం ఫారం నింపింది నేనే. వాళ్లకి తికమక లేకుండా ఉంటుందని, నా చేత్తో అదనంగా ఒక ముక్క రాశాను: 'వీధి తలుపు ఉన్న అంతస్తు'. పది రోజుల్లో షీటు వచ్చింది.

షీటు బల్ల మీద పరిచి కొలతలు చూశాను. గది సరిపోలేదు. ప్లానులో ముందు గదికి రెండే కిటికీలు. వెడల్పు పదిహేను అడుగులు. మా గది ఇరవై అడుగుల ఆరంగుళాలు, మూడు కిటికీలు. మా గది ఎత్తు కూడా ప్లానులో రాసినదానికన్నా రెండడుగులు ఎక్కువ. ఐదున్నర అడుగుల గోడ, ఒక కిటికీ ఎక్కడి నుంచో వచ్చి చేరాయన్నమాట. అలా అతికించి పెద్ద గదిగా అమ్మడం ఆ వ్యాపారుల్లో కొందరికి అలవాటే. నాకు మనసు చివుక్కుమంది కానీ, కాగితం కాగితమే.

ఒప్పుకోనిది వాల్టర్ ఒక్కడే. వాల్టర్ మ్యూజియం వడ్రంగి. ముప్పై ఏళ్లుగా ఆ పలకల దుమ్ము దులిపింది, పగుళ్లు పూడ్చింది అతనే. చెవి మీద పెన్సిలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నా ప్రార్థన సంగతి అతనికి తెలుసు. "నా వీపు నొప్పి గురించి కూడా ఒక మాట వెయ్యండి, పైవాడికి నా భాష అర్థం కావట్లేదు" అనేవాడు. ఆ రోజు నన్ను ఫైర్‌ప్లేస్ పక్కకి తీసుకెళ్లి, రెండు మరలు విప్పి, ఒక పలకను ముందుకి వంచాడు. వెనక వైపు ఉలితో చెక్కిన రోమన్ అంకె. కట్టిన వడ్రంగులు ఏ పలక తరవాత ఏది పెట్టాలో గుర్తుకు చెక్కుకున్నవి. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా గది చుట్టూ ఎక్కడా తెగకుండా ఉన్నాయని, తను ప్రతిదీ చూశానని చెప్పాడు.

"వ్యాపారి కూడా చెక్కించి ఉండొచ్చు కదా వాల్టర్" అన్నాను.

"ఒకే చెయ్యి, ఒకే ఉలి. ఆ ఉలికి ఒక మూల చిన్న నొక్కుంది, ప్రతి అంకెలోనూ కనిపిస్తుంది. రండి, వేలు పెట్టి చూడండి."

వేలు పెట్టి చూశాను. నొక్కు తగిలింది. అయినా, "షీటు ఒప్పుకోవట్లేదు" అన్నాను.

"మీ కాగితం లండన్ నుంచే వచ్చింది, ఈ చెక్కా లండన్ నుంచే వచ్చింది. ఇద్దర్లో ఒకరు అబద్ధమాడుతున్నారు. చెక్కకి చదువు లేదు పాపం, అబద్ధం రాయడం రాదు" అని మరలు బిగించేశాడు. ఓటు పడితే ఆ గదిని విప్పవలసింది అతనే.

అంకెల సంగతి రిపోర్టు అడుగున ఫుట్‌నోటుగా రాశాను. పైన, ముఖ్య నిర్ధారణ కింద, 'గది పరిమాణం మూల ప్లానుకు విరుద్ధం. అతికించినదిగా భావించాలి' అని రాసి, సంతకం పెట్టి, కమిటీకి పదకొండు రోజుల ముందు సోమవారం హెలెన్ గారికి ఇచ్చాను. ఆ సాయంత్రం గదికి వెళ్లి కాసేపు కూర్చున్నాను. ఏ పని ముగిసినా దేవుడికి కృతజ్ఞత చెప్పుకొనేదాన్ని, ఆ రోజు చెప్పుకోలేకపోయాను. ఎందుకో తెలియలేదు. కిటికీ తెర మీది కటకటాలు మాత్రం మొదటిసారి ఎబ్బెట్టుగా కనిపించాయి. అంత ఎత్తు కిటికీలు పెట్టుకున్న వాళ్లు అందులోంచి చూసింది బండి చక్రాన్నేనా అనిపించింది. అనిపించిందే గానీ దాని వెంట వెళ్లలేదు.

ఆ శనివారం ఉదయం ఇంట్లో ఉన్నాను. మా అత్తగారు నరసాపురం నుంచి వచ్చి నాలుగు నెలలైంది. అప్పట్లో మేముండేది రెండంతస్తుల టౌన్‌హౌస్. కింద హాలు, వంటిల్లు, పైన పడక గదులు. పక్క గోడలు ఇరుగు పొరుగులతో ఉమ్మడి. లండన్ వరస ఇళ్ల మనవరాలే అనుకోవచ్చు. కూడికకి తీసుకెళ్లవలసిన పాటల పుస్తకం కనిపించక వెతుకుతున్నాను. అత్తయ్య వంటింట్లో పెసరట్టు పిండి రుబ్బుతున్నారు.

"అత్తయ్యా, నా పాటల పుస్తకం చూశారా?"

"ఫస్ట్ ఫ్లోర్లో పెట్టేనమ్మా, కిటికీ దగ్గర."

హాల్లో కిటికీ దగ్గర చూశాను. సోఫా కింద చూశాను. కుషన్లు ఎత్తాను.

"లేదత్తయ్యా."

"సరిగ్గా చూడు. చేత్తో పెట్టేను, ఎక్కడికి పోద్ది?"

"కిటికీ అంతా చూశాను, లేదు."

ఆవిడ మిక్సీ ఆపి, చేతికి పిండితోనే హాల్లోకి వచ్చి, నేల మీద మోకాళ్ల మీదున్న నన్ను చూశారు.

"అదేంటమ్మాయ్, ఫస్ట్ ఫ్లోరంటే కింద దేవులాడతావేంటి? పైకెళ్లి చూడు!"

మెట్ల మీంచి దిగుతున్న మా అమ్మాయి రూత్, "నానమ్మా, అది సెకండ్ ఫ్లోర్. ఇదే ఫస్ట్ ఫ్లోర్" అంది. దానికి అప్పుడు పదిహేనేళ్లు.

"ఇది ఫస్టయితే మరి గ్రౌండ్ ఫ్లోర్ ఏది? మీ దేశంలో ఇళ్లకి నేల లేదా?"

"ఇదే గ్రౌండ్, ఇదే ఫస్ట్, నానమ్మా. రెండూ ఒకటే."

"రెండూ ఒకటెలా అవుద్దే? నేల నేలే, అంతస్తు అంతస్తే. తెల్లోడే కదా మాకీ మాట నేర్పింది. వాడి మాట వాడికే తెలీదా?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. రూత్ కిసుక్కున నవ్వి, "అమెరికా వాళ్లు వేరు, ఇంగ్లండ్ వాళ్లు వేరు నానమ్మా" అంది.

నేను లేవలేదు. చేతిలో కుషను అలాగే ఉంది. నాన్న డిక్టేషన్ వినిపించింది: గ్రౌండ్ ఫ్లోర్, ఫస్ట్ ఫ్లోర్. ఈ దేశం వచ్చిన కొత్తలో మొదటి ఇంటర్వ్యూ ఫస్ట్ ఫ్లోర్లో అంటే, నేను మెట్లెక్కి పైన కూర్చుని, ఇరవై నిమిషాలు ఆలస్యంగా కిందకి పరిగెత్తాను. ఇక జన్మలో ఈ పొరపాటు చేయకూడదని ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను. ఎంత బాగా నిలబెట్టుకున్నానంటే, లండన్ వ్యాపారి లండన్ ఇంటి గురించి రాసిన ఉత్తరాన్ని కూడా అమెరికా లెక్కలోనే చదివాను. మా మ్యూజియంలో మిగతావాళ్లకి వేరే లెక్క తెలిసే అవకాశం తక్కువ. నాకు తెలుసు. తెలిసి మరిచిపోయినదాన్ని నేనొక్కదాన్నే.

పాటల పుస్తకం పైనే, కిటికీ దగ్గరే ఉంది. దాన్ని తీసుకొని అక్కడే మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుంటే, ఆ లండన్ ఇల్లు అడుగు నుంచి దానంతటది లేచి నిలబడింది. నేల కింద వంటిల్లు, బొగ్గు వాసన. దాని మీద గ్రౌండ్ ఫ్లోర్: వీధి తలుపు, తలుపు వెంట సన్నటి నడవ, నడవ పక్కన రెండు కిటికీల భోజనాల గది. నడవ చివర మెట్లు. మెట్లు ఎక్కితే పైన వీధి తలుపు లేదు, నడవ అవసరం లేదు. కాబట్టి ముందు గది ఇంటి వెడల్పంతా పరుచుకుంటుంది. మూడు కిటికీలు. అతిథులు కూర్చునే గది గనక అన్నిటికన్నా ఎత్తు. దాని మీద పడక గదులు, ఆపైన పనివాళ్ల అటకలు, అక్కడి కిటికీలు పొట్టివి. పదిహేను అడుగుల గది, ఐదడుగుల నడవ, మధ్యలో ఆరంగుళాల అడ్డగోడ. ఇరవై అడుగుల ఆరంగుళాలు. ఆ నాలుగు గోడల గది, ఇన్నేళ్లుగా మేం నేల మీద కూర్చోబెట్టిన గది, నా కళ్ల ముందు మెల్లగా పైకి లేచి తన చోట తను కూర్చుంది.

అప్పుడు స్తోత్రం చెప్పుకున్నాను. కిందకి దిగి అత్తయ్యకి కూడా కృతజ్ఞతలు చెప్పాను. "పుస్తకం దొరికితేనే ఇంత సంబరమా" అన్నారావిడ.

ఆ రోజే ఆర్కైవ్‌కి మెయిల్ పెట్టాను, దానిపైన ఉన్న అంతస్తు షీటు కావాలని. సోమవారం జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా ఉంది. మీ గది పై అంతస్తుది కావచ్చునని మాకు అప్పుడే అనిపించింది, కానీ వీధి తలుపు ఉన్న అంతస్తేనని మీరు అంత స్పష్టంగా రాసిన తరవాత అడగడం బాగుండదనుకున్నాం, అని. షీటు బుధవారం వచ్చింది. మూడు కిటికీలు, ఫైర్‌ప్లేస్ చోటు, వెనక గదిలోకి తలుపు. అన్నీ అరంగుళం తేడాతో కలిశాయి.

షీటు తీసుకొని ముందు వాల్టర్ దగ్గరకి వెళ్లాను. ఎవరి దగ్గరకి ముందు వెళ్లాలన్న విషయంలో నాకు సందేహం లేదు. అతను కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూసి, "అయితే కాగితం కూడా నిజమే చెప్పింది. మనం మేడ మీద తలుపు తట్టకుండా కింద తట్టాం" అన్నాడు. 'మీరు' అనలేదు, 'మనం' అన్నాడు. ఆ మాటకి ఇప్పటికీ నేను కృతజ్ఞురాలినే.

కమిటీకి ఇక రెండు రోజులే ఉంది. మా పద్ధతి ప్రకారం సంతకం పెట్టిన రిపోర్టును వెనక్కి తీసుకోవడం, చింపేయడం ఉండవు. దాని మీద సవరణ పత్రం రాసి జతచేయాలి. రెండూ ఫైలులో ఎప్పటికీ పక్కపక్కనే ఉంటాయి. హెలెన్ గారు కాగితాలన్నీ చూసి, నాకు మంచి చేయాలనే, "ఆర్కైవ్ వేరే షీటు పంపింది, అంతే రాయండి. అది అబద్ధం కాదు కదా" అన్నారు. ఆ సంవత్సరం సీనియర్ ర్యాంకుకి పంపే పేర్లలో నాది ఉందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

ఆ వాక్యంలో ప్రతి మాటా నిజమే. కానీ ఫారం మీద 'వీధి తలుపు ఉన్న అంతస్తు' అన్నది నా చేతి రాత. సవరణ పత్రంలో ఇలా రాశాను: మూల ఉత్తరంలోని ఫస్ట్ ఫ్లోర్ అన్న మాటను నేను తప్పుగా అర్థం చేసుకొని, తప్పు అంతస్తు షీటు అడిగాను, వడ్రంగి వాల్టర్ చూపిన పలకల అంకెలు నా మొదటి నిర్ధారణకు విరుద్ధంగా ఉన్నా, వాటిని ఫుట్‌నోటుకు పరిమితం చేశాను, గది అసలుదే, సంపూర్ణం. శుక్రవారం కమిటీ డీయాక్సెషన్ సిఫారసును పక్కన పెట్టింది. సీనియర్ ర్యాంకు నాకు రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. అది న్యాయంగానే తోచింది.

ఆ వేసవిలో 'వీధి గది' లేబుల్ తీసేశాం. కిటికీల వెనక కటకటాల తెరను వాల్టర్ దింపి, కొత్త తెర ఎక్కించాడు. ఇప్పుడు గాజులోంచి ఎదుటి ఇంటి పై కిటికీలు, చెట్ల కొసలు, పొగగొట్టాలు, వాటి మీద చాలా ఆకాశం. దీపాలను కూడా కింద నుంచి తీసి పైకి మార్చాడు. అది అయిన రోజు ఇద్దరం గది మధ్యలో నిలబడ్డాం. గచ్చు మీద ఉన్నామని తెలిసినా, కాళ్ల కింద ఇంకో అంతస్తు ఉన్నట్టు, అక్కడెవరో పళ్లేలు సర్దుతున్నట్టు అనిపించింది. వాల్టర్ గొంతు తగ్గించి, "గట్టిగా నడవకండి, కింద భోజనాలు చేస్తున్నారు" అన్నాడు.

ఆ పని తరవాత నేను రెండు అలవాట్లు మార్చుకున్నాను. ఏ పాత కాగితం చేతికొచ్చినా, అందులో ఏముందో చూసేముందు, రాసిన మనిషి ఏ ఊళ్లో ఉండి, ఎక్కడి నుంచి లెక్కపెట్టి రాశాడో చూస్తాను. చేత్తో పనిచేసే మనిషి చూపించిన ఆధారాన్ని ఫుట్‌నోటులో పెట్టను. పైన, కాగితం ఆధారం పక్కనే పెడతాను. రిటైరయ్యే దాకా ఆ రెండూ తప్పలేదు. నా మొదటి రిపోర్టు, దాని సవరణ ఇప్పటికీ ఆ ఫైలులోనే ఉన్నాయి. ఉండవలసింది అక్కడే.